సంచిలో ఆకు

కాయ మందంగా ఉంటే సూది దిగదు. దబ్బనం కావాలి. దళసరి కాగితం మీద కాయను ఆనించి, రెండు పక్కలా చిల్లులు పొడిచి, మైనం పట్టించిన దారాన్ని కాయ మీదుగా తీసి వెనక ముడి వేయాలి. ముడి పక్క షీటుకు రాసుకోకుండా దాని మీద చిన్న కాగితం ముక్క అంటించాలి. ముప్పయ్యొక్క ఏళ్ళుగా అతని పని అదే. ఎండిన మొక్కలను భద్రం చేసే ఆ భవనంలో అతన్ని అందరూ దబ్బనం అనే పిలుస్తారు. అసలు పేరు జీతాల రిజిస్టరులో ఉంది.

ఆ రోజు పొద్దున్నే పరిశోధకురాలు వచ్చింది. పాతికేళ్ళు దాటి ఉంటాయి. భుజానికి సంచి, చేతిలో ఒక జాబితా.

"బాబాయ్, చిక్కుడు కుటుంబంలో ఈ తీగలు కావాలి. పద్దెనిమిది షీట్లు."

అతను జాబితా చూశాడు. పదిహేడో వరుస దగ్గర వేలు ఆగింది. నాలుగు వందల పన్నెండు.

"ఇది తాళంలో పెట్టే ఎర్ర అట్టలో ఉంటుందమ్మా. పెద్దాయన్ని అడగాలి."

"అడిగాను. తీసుకోమన్నారు. తాళం మీ దగ్గరే ఉందన్నారు."

అతను బీరువాల మధ్యకు వెళ్ళాడు. ఇనప బీరువాలు, కలరా ఉండల వాసన. పదిహేడు షీట్లు తెచ్చి బల్ల మీద పరిచాడు. ఎర్ర అట్ట మాత్రం తేలేదు.

ఆమె చిమటాతో ఎండిన ఆకు నుంచి గోరంత ముక్క తుంచి చిన్న కవరులో వేసి, కవరు మీద నంబరు రాసుకుంటోంది. చెయ్యి నిదానంగా ఉంది. ఆకు ఎక్కడా చిట్లడం లేదు. పని తెలిసిన పిల్ల.

"ఏం చేస్తారమ్మా వీటితో?"

"వీటి డీఎన్ఏ తీసి వంశవృక్షం గీస్తాం. ఎవరు ఎవరికి పుట్టారు, ఎవరు ముందు విడిపోయారు, ఏ ఖండానికి ఎప్పుడు చేరారు. మనుషులకి గీసినట్టే."

"ఇన్ని కాగితాలున్నాయి కదా. అన్నీ రాసే ఉన్నాయి."

"కాగితం మీద ఉన్నదే నిజమైతే నాకు ఉద్యోగం ఎవరిస్తారు బాబాయ్?"

ఆమె నవ్వింది. అతను నవ్వలేదు.

చేతిలో పని ఆపకుండానే ఆమె చెప్పుకుపోయింది. ఈ తీగలు మూడు రకాలు. కొండ మీద అడవుల్లో ఉండేవి ఒకటి. వాటి కాయ ఎండితే టప్పున పేలుతుంది, గింజలు పది అడుగుల దూరం పోయి పడతాయి, అంతకు మించి పోవు. ఏటి ఒడ్డున ఉండేవి ఇంకొకటి. మూడోవి సముద్రపు ఒడ్డువి. వీటి కాయ దళసరిగా, బెండులా ఉంటుంది. గింజలో గాలి ఉంటుంది. ఉప్పునీళ్ళలో నెలల తరబడి తేలి, ఎక్కడ ఒడ్డు దొరికితే అక్కడ మొలుస్తుంది. అందుకే అవి మూడు ఖండాల్లో ఉన్నాయి.

"అయితే వీళ్ళలో తల్లి ఎవరన్నదే తగువు. ఒడ్డుది తల్లి అని మీ పెద్దాయన లెక్క. సముద్రం మీద కొట్టుకొచ్చింది, ఒడ్డున మొలిచింది, తరవాత పిల్లలు కొండెక్కారు. దానికి సాక్ష్యం ఆ నాలుగు వందల పన్నెండే. ఒకే ఒక్క కొండ మీద దొరికిన తీగ, దానికి ఒడ్డుకాయ. రెంటికీ మధ్యలో మెట్టు. లోకం మొత్తానికి ఆ ఒక్క షీటే ఉంది. తేలేదే మీరు?"

అతను లేచి తాళం తీశాడు.

ఎర్ర అట్ట తెరిస్తే కొమ్మ ఎడమవైపు, కాయ కుడివైపు. కాయ మీద ఆరు కుట్లు. ఇరవై రెండేళ్ళయినా ఒక్కటీ వదులు కాలేదు. కింద మూలన లేబుల్. అందులో ఎక్కడ దొరికిందో, ఏ రోజు దొరికిందో రాసి ఉంది. సేకరించినవారి పేరు ఉండాల్సిన చోట తెల్లకాగితం ముక్క అతికించి ఉంది. దాన్నీ అతనే అతికించాడు.

ఆ కాయ ఆ కొమ్మది కాదు. ఆ సంగతి ఆ గదిలో అతనొక్కడికే తెలుసు.

"ఆకు చాలదా అమ్మా?"

"చాలదు. ఈ తీగకి కాయ ఉన్న షీటు ఇదొక్కటే. గింజ పొట్టు కూడా కావాలి."

"దారం తెంపాలి. పాత కాయ. పగలొచ్చు."

"మీ చేతిలో పగలదులే బాబాయ్. కుట్టింది మీరే కదా, మళ్ళీ మీరే కుట్టండి."

అతను దారానికి మైనం పట్టించడం మొదలుపెట్టాడు. ఇంకా విప్పని కుట్టు కోసం కొత్త దారం. ఒకసారి పట్టించాడు. వేళ్ళతో దువ్వాడు. మళ్ళీ పట్టించాడు. ఆమె చేతిగడియారం చూసుకుంది. ఇక తప్పదని బ్లేడు తీసి మొదటి కుట్టు తెంపాడు.

అప్పుడే పెద్దాయన వచ్చాడు. ఆ భవనానికి ఆయనే అధికారి. జుట్టు మొత్తం తెల్లబడినా నడకలో వయసు లేదు. వంగి షీటు చూసుకున్నాడు, మనవణ్ణి చూసుకున్నట్టు.

"దీని కోసం నేను కొండెక్కిన రోజుకి నువ్వు బళ్ళో కూడా చేరి ఉండవు."

"ఇక్కడ పేరు మీద కాగితం ఎందుకుంది సార్?"

"ఒక చెట్లెక్కేవాడు ఉండేవాడు. ఉడుత అనేవాళ్ళం. పైకి పోయి కోసి కింద పడేయడం వాడి పని. ఆ పని బాగానే చేశాడు. దిగాక మాట్లాడటం మొదలుపెట్టాడు. ఈ కాయ ఆ తీగది కాదట. నాకు చెప్పాడు, నాకు." పెద్దాయన నవ్వాడు. "చెట్టు మీద ఉన్నంతసేపే పనికొచ్చే మనుషులుంటారు. అడుగు దబ్బనాన్ని, వీడి బావమరిదే."

ఆమె అతని వైపు చూసింది. అతను రెండో కుట్టు తెంపాడు.

పక్క షీటు మీద మూడు చీటీలు ఒకదాని కింద ఒకటి అంటించి ఉన్నాయి. ముగ్గురు పండితులు మూడు పేర్లు పెట్టారు. ఆమె మాట మార్చడానికన్నట్టు వాటిని చూపించింది.

"వీటిలో తప్పయినవి తీసెయ్యరా సార్?"

"తియ్యం. షీటు మీద చీటీ ఒకసారి అంటితే ఎవడూ పీకడానికి లేదు. తప్పనిపిస్తే నీ చీటీ పక్కన అంటించు. పేరు రాయి, తేదీ వేయి. నేను ఇక్కడికొచ్చి నేర్పిన మొదటి పాఠం అదే."

"మరి ఈ తెల్లకాగితం?"

"అది పీకడం కాదమ్మా. కప్పడం."

పెద్దాయన వెళ్ళిపోయాడు. ఆరో కుట్టు తెగింది. కాయ చేతిలోకి వచ్చింది. బెండులా తేలిగ్గా ఉంది. ఆమె గింజ పొట్టు చిన్న ముక్క గీకి, కవరులో వేసి, నాలుగు రోజుల్లో తెలుస్తుందని చెప్పింది.

అతను కాయను మళ్ళీ అక్కడే కుట్టాడు. పాత చిల్లుల్లోంచే.

ఇంట్లో ఇప్పుడు ఇద్దరే. అతను, కూతురు. భార్య పోయి ఎనిమిది నెలలు. కూతురు మందుల షాపులో పని చేస్తుంది. సాయంత్రం వచ్చి, చెప్పులు విప్పకుండానే పొయ్యి వెలిగిస్తుంది. తల్లి కూడా అంతే. చెప్పులు తరవాత, పొయ్యి ముందు.

"మీ మావయ్య ఎక్కడుంటున్నాడు?"

ఉల్లిపాయ మీద కత్తి ఆగింది. ఆ ఇంట్లో ఆ మాట అతని నోటి నుంచి ఆమె వినడం అదే మొదటిసారి.

"ఎందుకు?"

"ఊరికే."

"ఊరికే అడిగే మనిషివి కాదు నువ్వు." కత్తి మళ్ళీ కదిలింది. "రైలు గేటు అవతల కోతమిల్లులో. రంపాలకి పదును పెడతాడు."

"నీకెలా తెలుసు?"

"అమ్మ పోయిన రోజు వచ్చాడు. వీధి చివర నిలబడ్డాడు. లోపలికి రమ్మని చెయ్యి పట్టుకుని లాగాను. రాలేదు. అమ్మని తీసుకెళ్ళేదాకా అక్కడే ఉండి వెళ్ళిపోయాడు."

"నాతో చెప్పలేదే?"

"నువ్వు అడగలేదు."

అన్నంలో పులుసు ఎక్కువైంది. అతను అనలేదు, ఆమె ఒప్పుకోలేదు.

మూడు రోజులు అతను షీట్లు కుట్టాడు. ఎప్పుడూ రోజుకు పన్నెండు కుడతాడు. మొదటి రోజు తొమ్మిదయ్యాయి. రెండో రోజు ఏడు. మూడో రోజు ఒక సన్నటి గడ్డిపరక మీద దారం బిగించి దాన్ని రెండు ముక్కలు చేశాడు. కొత్తగా చేరినవాళ్ళు చేసే తప్పు అది. ముక్కలు రెండూ కవరులో పెట్టి షీటుకు అంటించాడు.

నాలుగో రోజు ఆమె పరుగులాంటి నడకతో వచ్చింది. పెద్దాయన దగ్గరికి పోకుండా ముందు అతని బల్ల దగ్గరికే వచ్చింది.

"బాబాయ్, ఆ షీటు మీద ఆకు ఒక మొక్కది, గింజ ఇంకో మొక్కది."

అతను జిగురు కుంచె కిందపెట్టాడు.

"రెండుసార్లు చేశాం. అనుమానం లేదు. కాయ మామూలు ఒడ్డుకాయే, అన్ని ఖండాల్లో ఉన్నదే. కొమ్మ మాత్రం..." అట్ట ముక్క తీసుకుని పెన్సిలుతో గీసింది. ఒక గీత, దాని నుంచి అటూ ఇటూ కొమ్మలు. అన్నిటికన్నా అడుగున, వేరు పక్కనే, ఒంటరిగా ఒక కొమ్మ. "ఇదిగో ఇక్కడుంది కొండతీగ. ఇదే పెద్దది. ఒడ్డువి దీని మనవలు. మీ పెద్దాయన చెప్పింది తలకిందులు. ఇది ఎక్కడి నుంచీ రాలేదు బాబాయ్. ఒకప్పుడు అంతటా తడి అడవి ఉండేది, అందులో ఇదీ ఉండేది. వానలు తగ్గాయి, అడవి ముక్కలైంది. ఏటి వెంట కొన్ని దిగాయి, ఏరు సముద్రంలో కలిసే చోట కొన్నిటికి తేలడం అలవాటైంది. అవి లోకం చుట్టాయి. ఇది కదల్లేదు. చుట్టూ ఉన్నవన్నీ పోయి ఇది మిగిలింది."

"దాని కాయ?"

"మిగతా కొండతీగల్లా పేలే కాయే అయి ఉండాలి. కానీ ఎవరూ చూడలేదుగా. ఆ కొండ మీద ఇప్పుడు రాళ్ళ క్వారీ. తీగ ఉందో లేదో. ఎవరో ఒకరు అప్పుడు చూసి ఉండాలి."

ఆమె కళ్ళు అతని ముఖం మీదే ఉన్నాయి. అతను ఆ పెన్సిలు గీతలు చూస్తున్నాడు.

గంట తరవాత పెద్దాయన గదికి పిలుపు వచ్చింది. ఆమె అప్పటికే అక్కడ కూర్చుని ఉంది. పెద్దాయన ముఖం ఎప్పటిలాగే ఉంది. బల్ల మీద ఒక టైపు కాగితం.

"విన్నావుగా. ఇరవై రెండేళ్ళ నా మాట తప్పంటోంది ఈ అమ్మాయి. తప్పయితే తప్పు. శాస్త్రంలో అది సిగ్గు కాదు. నేనే అచ్చులో ఒప్పుకుంటాను. అయితే ఎలా జరిగిందో రాయాలి. చదివి సంతకం పెట్టు."

కాగితంలో నాలుగు వాక్యాలున్నాయి. కాయల సంచి నంబరు బిళ్ళతో సహా సేకరించిన వ్యక్తి చేతి నుంచే తనకు అందిందని, సంచిలో ఉన్న కాయనే తాను కుట్టానని, రెండు చోట్ల కోసిన కాయలను ఆ వ్యక్తే కలిపేసి ఉంటాడని, అతన్ని తరవాత పనిలోంచి తీసేశారని. కింద అతని అసలు పేరు, గీత.

"ఆయన్ని కూడా ఒకసారి అడగాలి కదా సార్?" అంది పరిశోధకురాలు. "కాయ ఆ తీగది కాదని అప్పుడు అన్నది ఆయనే కదా. కలిపినవాడే కాదంటాడా?"

"కలిపి, భయపడి, బుకాయించాడు. అంతే." పెద్దాయన కుర్చీలో వెనక్కి వాలాడు. "చూడమ్మా, నా లెక్క పోతే పోనీ. తప్పు నా గదిలో, నా బల్ల మీద జరిగిందని మాత్రం రాయను. ఇక్కడ నాలుగు లక్షల షీట్లున్నాయి. ఒక్కటి మన చేతుల్లో తారుమారైందంటే మిగతావాటిని ఎవడు నమ్ముతాడు? కొండ మీద జరిగింది. కొండ మీదే ఉంటుంది." అతని వైపు తిరిగాడు. "రిటైరవడానికి పదకొండు నెలలున్నాయి నీకు. మర్యాదగా దిగిపో. నీ కుట్టు మీద ఇంతవరకు ఒక్క మాట రాలేదు."

ఆ నాలుగు వాక్యాలు అచ్చయితే ఉడుత పేరు తెల్లకాగితం కిందనుంచి పైకి వస్తుంది. దొంగగా వస్తుంది.

"రేపు పెడతాను సార్. కళ్ళజోడు ఇంట్లో మరిచాను."

కళ్ళజోడు అతని చొక్కా జేబులోనే ఉంది. పెద్దాయన దాన్ని చూశాడు.

కోతమిల్లులో పెద్ద రంపం ఆగి ఉంది. నేలంతా పొట్టు, తడి చెక్క వాసన. వెనక రేకుల చాయలో ఒక మనిషి కూర్చుని, రంపపు పట్టీని రెండు చెక్కల మధ్య బిగించి, ఆకురాయితో ఒక్కో పన్నునూ రుద్దుతున్నాడు. మూడు రుద్దులు, తరవాతి పన్ను. మూడు రుద్దులు, తరవాతి పన్ను. కుడి కాలు చాపి ఉంది. అది మడవదని తెలుస్తూనే ఉంది. ఒకప్పుడు చెట్లెక్కిన మనిషి కాలు.

దబ్బనం ఎదురుగా నిలబడ్డాడు. ఉడుత తల ఎత్తి చూశాడు. ఆకురాయి ఆగలేదు.

"పిల్లకేమైనా అయిందా?"

"లేదు. బాగుంది."

"అయితే నీకేం పని ఇక్కడ?"

కూర్చోమని అనలేదు. దబ్బనం నిలబడే చెప్పాడు. పరిశోధకురాలి సంగతి, కవర్ల సంగతి, కాగితం సంగతి. ఆకు ఒకటి, గింజ ఒకటి అన్న దగ్గర ఆకురాయి ఒక క్షణం ఆగి మళ్ళీ కదిలింది.

"దాన్ని కనిపెట్టడానికి ఇన్నేళ్ళు పట్టిందా వాళ్ళకి?"

"నీకు ఒక మాట చెప్పాలి."

"చెప్పొద్దు. నేను చెప్తాను, సరిపోయిందో లేదో చూసుకో." ఉడుత పట్టీని ఒక జానెడు జరిపి మళ్ళీ బిగించాడు. "నేను రాత రానివాణ్ణి. నంబర్లు మీ పెద్దాయన రాసేవాడు. నంబరు బిళ్ళ ఊడితే నాకు దిక్కులేదు. అందుకని కాయలు సంచిలో వేసేటప్పుడు ప్రతి సంచిలోనూ ఆ తీగదే ఒక ఆకు వేసేవాణ్ణి. ఆకు చూస్తే చాలు, కాయ ఎవరిదో తెలుస్తుంది. నీకు చెప్పాను కూడా. నువ్వు తల ఊపావు. వినలేదు."

"విన్నాను. మరిచాను."

"కొండతీగ కాయ సంచిలోనే ఎండి పేలింది. చెక్కలు మెలిపడి ఇదిగో ఇలా అయ్యాయి." కాలి పక్కనున్న చిత్రిక పొట్టు ఒక చుట్ట తీసి చూపించి పడేశాడు. "నువ్వు సంచి విప్పావు. పొట్టూ ఆకూ కనబడ్డాయి. చెత్త అనుకుని బుట్టలో దులిపేశావు. తరవాత చూస్తే బిళ్ళ ఉంది, కాయ లేదు. పెద్దాయన తొందర పెడుతున్నాడు. పక్క సంచిలో ఒడ్డుకాయలు రెండున్నాయి. ఒకటి తీసి ఇక్కడ కుట్టేశావు. సరిపోయిందా?"

దబ్బనం తల ఊపాడు.

"మర్నాడు నేనొచ్చి షీటు చూశాను. సంచిలో ఆకు ఏది బావా అని అడిగాను. నీ ముఖం చూశాను. అంతే, మళ్ళీ అడగలేదు."

"నా పేరు చెప్పలేదేం మరి? పెద్దాయనతో కాయ కాదన్నావు గానీ, నేను మార్చానని అనలేదు."

"అక్కకి అప్పుడు తొమ్మిదో నెల." ఉడుత ఆకురాయిని తొడ మీద తుడిచాడు. "కాయ తప్పని చెప్తే వాళ్ళే వెతుక్కుంటారులే, నీ పేరు నా నోటితో రానక్కర్లేదు అనుకున్నాను. వాళ్ళు వెతకలేదు. నన్ను తీసేశారు. ఆ సాయంత్రం అక్క వచ్చింది. అంత కడుపేసుకుని నా మెట్లెక్కింది. గుమ్మం దాటలేదు. అబద్ధాలాడి నా కాపురంలో నిప్పులు పోయకు అంది. సరే అన్నాను. ఏమంటాను? ఆమె కడుపులో ఉన్నది నీ పిల్లే కదా."

మిల్లులో ఎవరో దుంగను దొర్లించారు.

"ఆవిడకి తెలియదు. నేను చెప్పలేదు."

"నాకు తెలుసు. తెలిసుంటే నీ ఇంట్లో ఉండేది కాదు. మా అక్క సంగతి నాకు నువ్వు చెప్పక్కర్లేదు."

ఉడుత పట్టీని పక్కన పెట్టి, గోడ పట్టుకుని లేచాడు. చాపిన కాలును ఈడ్చుకుంటూ రేకుల గదిలోకి పోయాడు. అతను ఉండేది అక్కడే. మంచం, కుండ, ఒక చెక్కపెట్టె. వస్తూ చేతిలో ఒక గుడ్డసంచి తెచ్చాడు. మూతికి నారతో ముడి. ముడికి నంబరు బిళ్ళ. సిరా పాలిపోయింది, అయినా చదవడానికి వస్తోంది. పెద్దాయన దస్తూరి. నాలుగు వందల పన్నెండు.

"బుట్ట ఊడ్చేలోపు ఏరుకున్నాను. సంచి కూడా నీ బల్ల కిందే పడుంది."

దబ్బనం ముడి విప్పాడు. అడుగున మెలితిరిగిన చెక్కలు రెండు, ఎండిన ఆకు ఒకటి, మూడు నల్ల గింజలు.

"ఇది నీ దగ్గరే ఉందా? ఇన్నేళ్ళూ?"

"ఉంది."

"ఎప్పుడు చూపించినా నీ ఉద్యోగం నీకు వచ్చేది."

"ఉద్యోగం కోసం దాచలేదు. అక్క అడుగుతుందని దాచాను. ఎప్పుడో ఒకప్పుడు, నిజం చెప్పరా తమ్ముడూ అంటుందని. అంటే ముందర పెడదామని. నాలుగిళ్ళు మారాను. మారినప్పుడల్లా మోశాను." మళ్ళీ కూర్చుని పట్టీ బిగించుకున్నాడు. "అడగలేదు. ఎందుకడుగుతుంది? పక్కనే నువ్వున్నావుగా."

దబ్బనం సంచి పట్టుకుని నిలబడ్డాడు.

"తీసుకుపో," అన్నాడు ఉడుత. "ఇంక అడిగేవాళ్ళు లేరు."

మర్నాడు అతను అందరికన్నా ముందు వచ్చాడు. ఎర్ర అట్ట తెరిచాడు. ఒడ్డుకాయను కదపలేదు. దాని కింద చోటుంది. మెలితిరిగిన చెక్కలకు దబ్బనం పనికిరాదు, పగులుతాయి. సన్నసూది తీసుకున్నాడు. ఒక్కో చెక్కకు మూడు కుట్లు. ఆకు పెళుసుగా ఉంది. దానికి దారం వాడలేదు. అడుగున జిగురు చుక్క పెట్టి, మీద నుంచి సన్నటి కాగితపు పట్టీలు రెండు వేశాడు. గింజలు చిన్న కవరులో పెట్టి కవరు అంటించాడు. నంబరు బిళ్ళను నారతో సహా కుట్టాడు.

తరవాత పండితులు రాసే తెల్ల చీటీల కట్ట నుంచి ఒకటి తీశాడు. ముప్పయ్యొక్క ఏళ్ళలో వేల చీటీలు అంటించాడు గానీ ఒక్కటీ రాయలేదు. ఊరి బడిలో నేర్చిన గుండ్రటి అక్షరాలు. రాయడానికి పావుగంట పట్టింది.

"పైన ఉన్న కాయ ఈ తీగది కాదు. అసలు కాయ పేలి ఉంటే చెత్త అనుకుని పారేసి, వేరే కాయ కుట్టింది నేను. అసలు కాయ ఇప్పుడు కింద కుట్టాను. కోసింది, దాచింది ఉడుత. ఆయన తప్పు లేదు."

కింద తన అసలు పేరు రాశాడు. తేదీ వేశాడు. జిగురు రాసి, షీటు మీద పెట్టి, బట్టతో నాలుగు వైపులా ఒత్తాడు. లేబుల్ మీది తెల్లకాగితం జోలికి పోలేదు. పీకకూడదు.

పరిశోధకురాలు వచ్చి నిలబడి చదివింది. రెండోసారి చదివింది. గింజల కవరు తెరిచి, అరచేతిలో వేసుకుని, మళ్ళీ కవరులో పోసింది. కెమెరా స్టాండు తెచ్చి బల్లకు బిగించడం మొదలుపెట్టింది.

పది గంటలకు పెద్దాయన వచ్చాడు. చేతిలో టైపు కాగితం. షీటు చూశాడు. చీటీ చదువుతున్నప్పుడు ఆయన పెదాలు కదిలాయి. సంతకం పెట్టాల్సిన కాగితాన్ని మడిచాడు. మళ్ళీ మడిచాడు.

"ఇది తడిగానే ఉంది. తీసెయ్."

"చీటీ పీకకూడదు సార్."

"నువ్వా నాకు చెప్పేది?"

"మీరు నేర్పిందే సార్."

పెద్దాయన వంగి, చీటీ మూల దగ్గర గోరు ఆనించాడు. జిగురు ఇంకా పూర్తిగా ఆరలేదు. మూల కొంచెం లేచింది.

"సార్, ఒక్కసారి చెయ్యి తీస్తారా?" పరిశోధకురాలు కెమెరా వెనక నుంచి అంది. "నీడ పడుతోంది."

ఆ చెయ్యి అక్కడే ఉంది. కెమెరా క్లిక్కుమంది. చేతితో సహా. ఆమె మళ్ళీ నొక్కింది. ఈసారి చెయ్యి లేదు.

పెద్దాయన నిటారుగా నిలబడ్డాడు. ఆయన గొంతు పెరగలేదు.

"బీరువా తాళాలు బల్ల మీద పెట్టు. మధ్యాహ్నం నుంచి రానక్కర్లేదు. విచారణ ఉంటుంది, కబురు చేస్తారు. నీ తప్పు నీ పేరుతోనే అచ్చవుతుంది."

"ఉడుత పేరు సార్?"

"ఆ పేరు అచ్చులో దేనికి? తప్పు నీది అన్నావుగా. వాడి ప్రసక్తి ఎందుకిక."

అతను తాళాలు బల్ల మీద పెట్టాడు. దబ్బనం, సూదులు, మైనం ముద్ద డబ్బాలో సర్దాడు. దబ్బనం మాత్రం సొంతది. దాన్ని తీసి జేబులో వేసుకున్నాడు. లేచిన చీటీ మూల మీద వేలు పెట్టి ఒత్తాడు. ఆరేదాకా ఒత్తి, వదిలేశాడు.

మిల్లుకు చేరేసరికి మిట్టమధ్యాహ్నం. ఉడుత అదే చాయలో, అదే పట్టీతో ఉన్నాడు. దబ్బనం ఖాళీ గుడ్డసంచిని మడిచి చెక్క మీద పెట్టాడు.

"పని పోయింది," అన్నాడు.

"నన్నేం చేయమంటావు?"

మూడు రుద్దులు, తరవాతి పన్ను.

"షీటు మీద నీ పేరు రాశాను. అచ్చులో వేయరట. షీటు మీద మాత్రం ఉంటుంది. ఎవరూ పీకలేరు."

"నేను చదవలేను. చదవాల్సిన అక్క లేదు." ఉడుత పన్ను మీద వేలు పెట్టి పదును చూసుకున్నాడు. "ఆకు ఉంచారా?"

"ఉంచాను."

"పారేయలేదు కదా మళ్ళీ."

"లేదు. రెండు పట్టీలు వేశాను."

ఉడుత తల ఊపాడు. చెయ్యి చాపి సంచిని తీసి, తిరగేసి దులిపాడు. కాస్త ఆకు పొడి చిత్రిక పొట్టు మీద రాలి, అందులో కలిసిపోయింది. సంచిని చాపిన కాలి కింద పరుచుకున్నాడు.

"పిల్లని అప్పుడప్పుడు రానీ," అన్నాడు. "నువ్వు రాకు."

ఆకురాయి తరవాతి పన్ను మీద పడింది. దబ్బనం పదకొండు పళ్ళు అయ్యేదాకా నిలబడి, వచ్చిన దారినే వెళ్ళాడు.